సున్నపుబట్టీ దగ్గర మూడు గంటలు

రేవు నగరం,
మేడ మీది గది.

బావగారికి,

విచారణ రోజు పొద్దున్నే కోర్టు మెట్ల దగ్గర ఉంటానని మీరు నాకు మాటిచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నేను గేటు మూసేదాకా ఆ మెట్ల మీదే నిలబడ్డాను. బంట్రోతు వచ్చి, "ఇంకా ఎవరి కోసమయ్యా?" అన్నాడు. "మా బావ కోసం" అన్నాను. వాడు నవ్వాడు. వాడి మొహం మరిచిపోయాను గానీ ఆ నవ్వు మరవలేదు.

మీరొచ్చి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. రెండు నగరాల మధ్య బస్సుకు పదహారు గంటల టైము ఉండేదని, కంపెనీ దాన్ని పదమూడుకు కోసేసి డ్రైవర్లకు నిద్ర లేకుండా చేసిందని. ఆ చివర టైమ్‌కీపరు మీరు, ఈ చివర నేను. ఇద్దరం చెబితే వినేవారు. నేనొక్కణ్ణే చెబితే, "డ్రైవరుకు సొంత అన్న, ఇంకేం చెబుతాడులే" అని కొట్టిపారేశారు. వంతెన మలుపులో బస్సు పడి తొమ్మిది మంది పోయిన పాపమంతా మా తమ్ముడి నెత్తినే పడింది. జైలుకు పోయాడు. బయటికొచ్చాక స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. వాడు పోయి పోయి మీ ఇంట్లోనే చేరాడు. మిమ్మల్ని క్షమించినవాడితో నాకు మాటల్లేవన్నాను. వాడూ మా ఇంటి మొండితనమే పుణికి పుచ్చుకున్నాడు కాబట్టి రాలేదు. ఆరేళ్ళ కింద అక్క పోయినప్పుడు కూడా శ్మశానం దాకా వచ్చి, మీ గుమ్మం తొక్కకుండానే తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు మీ కార్డు. తమ్ముడికి ఊపిరితిత్తులు పాడయ్యాయట. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడట. "అన్నయ్యను చూడాలి" అంటున్నాడట. చివర్లో ఒక ముక్క: "కొత్త రోడ్డు పడింది, ఏడు గంటల్లో వచ్చెయ్యొచ్చు."

రోడ్డు సంగతి నేను పేపర్లో చదివాను. మీరు రాయాల్సింది రోడ్డు సంగతి కాదు. ఆ రోజు ఎందుకు రాలేదో రాయండి. జవాబు నా చేతికి అందిన రోజునే బస్సెక్కుతాను.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు.

*

కొండ నగరం,
అమ్మాయి వాళ్ళ ఇల్లు, వరండా గది.

ఒరేయ్ బావమరిదీ,

నన్ను 'మీరు' అన్నావు. ఒకే బీడీ చెరోసగం తాగినవాళ్ళం. నువ్వు చెంప పగలగొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

నా కళ్ళు మసకబారాయి. నీ ఉత్తరం అమ్మాయి చదివి వినిపించింది. రాయడం మాత్రం నేనే, కాగితం అంచు వేలితో తడుముకుంటూ. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఏమీ అనుకోకు, మన కంపెనీ బస్సులో జనం ఎక్కేవాళ్ళు కదా, అలాగే అనుకో. నీకేమో ఫోనులో మాట వినపడదు. నాకు కళ్ళు లేవు, నీకు చెవులు లేవు, వాడికి ఊపిరి లేదు. ముగ్గురం కలిస్తే ఒక మనిషి అవుతాం.

ఆ రోజు నాకు జ్వరం. లేవలేకపోయాను. అంతే.

వాణ్ణి గోడకు ఆనించి కూర్చోబెడుతున్నాం. పడుకుంటే దగ్గు ఆగదు. అమ్మాయి కింద మందుల కొట్టు చూసుకుంటూ గంటకోసారి మెట్లెక్కి వస్తుంది. వాడు దానితో, "మీ పెద్దమామయ్యకు కోపం ఎక్కువ, ప్రేమ ఇంకా ఎక్కువ, రెండిట్లో ఏది ముందొస్తుందో చెప్పలేం" అంటున్నాడు. వచ్చెయ్. తిట్టాలంటే ఎదురుగా కూర్చుని తిట్టు.

నీ బావ.

*

రేవు నగరం,
మేడ మీది గది.

బావా,

సరే, 'నువ్వు' అనే అంటాను. 'మీరు' అంటూ అబద్ధాలకోరు అనడం కష్టం.

ఏ జ్వరం? ఆ మర్నాడు ఇక్కడికొచ్చిన బస్సు డ్రైవరును నేను అడిగాను. "మా బావ డ్యూటీలో ఉన్నాడా?" అని. "ఉన్నాడు, ట్రిప్పు షీటు మీద సంతకం పెట్టి, నాకు టీ కూడా ఇప్పించాడు" అన్నాడు. కోర్టుకు అడ్డం వచ్చిన జ్వరం డ్యూటీకి అడ్డం రాలేదన్నమాట. కంపెనీ మీద అభిమానం గల జ్వరం.

ఈ గదిలో నాకు పుస్తకాలు తప్ప పని లేదు. పాతకాలపు యాత్రికులు రాసుకున్నవి చదువుతుంటాను. వాళ్ళెవరూ ఊరికీ ఊరికీ మధ్య ఇన్ని కోసుల దూరమని రాయలేదు. ఎన్ని మజిలీలో రాశారు. మజిలీ అంటే మనిషీ పశువూ ఒళ్ళు వాల్చేచోటు. అంటే దూరంలో నిద్ర కూడా కలిసే ఉండేదన్నమాట. నేను కంపెనీకి పదహారు గంటలని రాసిచ్చినప్పుడు చేసింది అదే. యజమానికి చెప్పకుండా నిద్రను కూడా దూరంలో కలిపాను.

సున్నపుబట్టీ గుర్తుందా? నీ ఊరు ఇంకా కొంచెం ఉందనగా, తెల్లారకముందే బస్సు అక్కడ ఆగేది. "రేడియేటరు వేడెక్కింది" అని డ్రైవరు ఒక బకెట్టు నీళ్ళు ఎదుట పెట్టి పడుకునేవాడు. జనం ఎలాగూ నిద్రలోనే ఉండేవారు. మూడు గంటలు పడుకుని, మొహం కడుక్కుని, బోర్డు టైముకు బస్టాండులోకి వచ్చేవాడు. మన కంపెనీ రేడియేటర్లంత దాహం లోకంలో ఏ రేడియేటర్లకూ ఉండి ఉండదు. ఎంత తొందరగా వచ్చినా టైముకు ముందు ఊళ్ళో అడుగుపెట్టకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు. ఎవడైనా ఒకడు అలా అడుగుపెడితే యజమాని ఆ మూడు గంటలూ లాక్కుంటాడని చిన్నపిల్లాడికైనా తెలుసు.

లాక్కున్నాడు. ఎవరో చెప్పారు కాబట్టే లాక్కున్నాడు. అన్నేళ్ళూ ఆయనకు తెలియని బట్టీ ఒక్కసారిగా ఎలా తెలిసింది? తెలిసినవాళ్ళు డ్రైవర్లు, కండక్టర్లు, మనిద్దరం. ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలుసు గానీ, వాళ్ళు యజమానితో మాట్లాడేదెక్కడ? డ్రైవర్లు తమ నిద్ర తామే అమ్ముకోరు. నేను చెప్పలేదు. టైము కోసిన నెలలోనే నీకు డిపో మేనేజరు కుర్చీ వచ్చింది, ఫ్యాను కింద.

నేను అనుమానపు మనిషినని అంటారు. నిజమే. అనుమానం నాకు ఒంటికి పడుతుంది, పడనిది తీపే. జవాబు రాయి.

నీ బావమరిది.

*

కొండ నగరం,
పాత బస్టాండు ఎదురు టీకొట్టు.

బావమరిదీ,

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ అమ్మాయి మధ్యలో ఆగిపోయి, "నాన్నా, బట్టీ ఏమిటి? నువ్వేం చెప్పావు?" అంది. "మీ మామయ్యకు వయసైపోయింది, ఏదో రాస్తాడు" అని తప్పించుకున్నాను. అది ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇకమీదట ఇంటికి రాయకు. ఈ టీకొట్టుకు రాయి. కొట్టు మన పొడుగోడిదే, ఆ పాత కండక్టరు. తలుపు దగ్గర వంగీ వంగీ వాడి నడుము అలాగే ఉండిపోయింది. వాడే చదివి పెడతాడు. వాడి నోరు టిక్కెట్టు పెట్టెకంటే గట్టిగా మూసుకుంటుంది.

ఇక కుర్చీ మాట. ఆ కుర్చీకి మూడు కాళ్ళే సరిగ్గా ఉండేవి. ఫ్యాను తిరిగితే సున్నం నెత్తిన రాలేది. దాని కోసం నేను మీ తమ్ముడి నిద్ర అమ్ముకున్నానా? నీ గుండె మీద చెయ్యి వేసుకుని రాశావా ఆ మాట, లేక పుస్తకం మీద చెయ్యి వేసుకుని రాశావా? ఇన్ని చదివావు, పక్కనున్న మనిషిని మాత్రం చదవలేదు.

వాడు నీకు ఒక్కడికే తమ్ముడనుకోకు. వాడేమిటో నాకు తెలుసు. ఆ రోజు చీకటి ఇంకా విడవకముందే ఆసుపత్రి వరండాలో బస్సు తాళాలు గుప్పిట్లో పట్టుకుని వాడు ఏడ్చిన ఏడుపు నేను చూశాను. లోపల బిడ్డ ఏడ్చాకే వాడు ఊరుకున్నాడు. నువ్వేం చూశావు? మెట్ల మీద నిలబడ్డావు, అంతేగా.

యజమానికి నేను చెప్పలేదు. నమ్మితే నమ్ము.

వాడు రెండు రోజుల నుంచి గంజి కూడా వద్దంటున్నాడు.

నీ బావ.

*

రేవు నగరం,
మేడ మీది గది.

బావా,

పొడుగోడికి ముందుగా ఒక మాట: ఈ ఉత్తరం నెమ్మదిగా చదువు, రెండుసార్లు చదువు.

బావా, నువ్వు కోపంలో కాలు జారావు. అమ్మాయి పుట్టినప్పుడు నువ్వు నాకు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చు. అక్క ఇక్కడ నాన్నను చూసి వెళ్తూ తమ్ముడి బస్సులోనే ఎక్కింది. నేనే కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బస్సు పొద్దున టైముకే వచ్చిందన్నావు. అక్క ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకుందన్నావు. సాయంత్రం దీపాల వేళ నొప్పులొచ్చాయన్నావు. నెలలు నిండకుండానే బిడ్డ పుట్టినా ఇద్దరూ క్షేమమన్నావు.

మరి చీకటి విడవకముందు తమ్ముడు ఆసుపత్రిలో ఏం చేస్తున్నాడు? ఆ వేళకు వాడు బట్టీ దగ్గర పడుకుని ఉండాలి. చేతిలో బస్సు తాళాలెందుకున్నాయి? నలభై మంది జనం ఎక్కడున్నారు?

నేను బతుకంతా చేసిన పని ఇదే. ఒక బస్సు ఉండాల్సిన చోట లేకపోతే ఎక్కడుందో కనిపెట్టడం. ఆ రోజు బస్సు బట్టీ దగ్గర ఆగలేదు. ఒట్టు తప్పింది మా తమ్ముడే. మీరు ముగ్గురూ కూడబలుక్కుని నాకు సాయంత్రం నొప్పుల కథ అల్లారు. ఎందుకు? తొందరగా వచ్చినందుకు నేను వాణ్ణి కొరుక్కుతింటాననా? ఇంకా ఏదో ఉంది. దాస్తున్నావు. దాచేవాడి చేతిరాత గుండ్రంగా ఉంటుంది, నీది వరసలు ఎక్కి దిగినా గుండ్రంగానే ఉంది.

నీ బావమరిది.

*

కొండ నగరం,
పాత బస్టాండు ఎదురు టీకొట్టు.

బావమరిదీ,

పొడుగోడు రెండుసార్లు చదివాడు. రెండోసారి సగంలోనే కాగితం బల్ల మీద పెట్టేసి, మళ్ళీ తీసి చదివాడు. ఆ రోజు ఆ బస్సులో కండక్టరు వాడే. నేను దాచినా వాడు దాచలేకపోయేలా ఉన్నాడు. విను.

సగం దారిలోనే మీ అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ముందూ వెనకా ఆసుపత్రి లేదు. జనమంతా "పోనీ బాబూ, పోనీ" అన్నారట. మీ తమ్ముడు భోజనాల దగ్గర ఆపలేదు, బట్టీ దగ్గర ఆపలేదు. బస్సును తిన్నగా ఆసుపత్రి గుమ్మంలో పెట్టాడు. డాక్టరమ్మ, "ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరిలో ఒకరే" అంది. మా అమ్మాయి ఈ రోజు మెట్లెక్కి దిగుతోందంటే ఆ మూడు గంటల వల్లే.

అంతవరకూ యజమానికి అనుమానం రాలేదు. ఏదో ప్రాణం మీదకొచ్చి తోలాడనుకున్నాడు. వారం పోయాక భార్యతో కలిసి ఆసుపత్రికి చూడ్డానికొచ్చాడు. మీ అక్కకు పట్టరాని సంతోషం. బిడ్డను ఆవిడ చేతిలో పెట్టి, "మా తమ్ముడు దేవుడండీ. రోజూ బట్టీ దగ్గర మూడు గంటలు పడుకుంటారు వీళ్ళు, అది కూడా మానేసి తెచ్చాడు నన్ను" అంది. నేను మంచం పక్కనే ఉన్నాను. యజమాని నవ్వుతూ, "రోజూనా?" అన్నాడు. "రోజూనండీ" అంది పాపం, ఎంత గొప్పగానో.

ఇక నీకు తెలిసిందే. కుర్చీ నాకెందుకిచ్చాడంటావా, నా నోరు మూయించడానికే ఇచ్చాడు. మూసుకుంది కూడా. అంతవరకు నువ్వన్నది నిజమే.

ఇది అమ్మాయికి తెలియదు. తెలిస్తే, తను పుట్టడం వల్లే తొమ్మిది మంది పోయారనుకుంటుంది. అనుకోకూడదని మనం చెప్పొచ్చు, అనుకోకుండా ఉంటుందా?

కోర్టుకు ఎందుకు రాలేదో మాత్రం నేను రాయను. వాడు రాయనివ్వడం లేదు. "అది నేను చెప్పాలి బావా, అన్నయ్య మొహం చూసి చెప్పాలి, వస్తేనే చెబుతా" అంటున్నాడు.

నీ బావ.

*

రేవు నగరం,
మేడ మీది గది.

బావా,

ఇది గాలానికి గుచ్చిన ఎర అని నాకు తెలుసు. ముందు ఒక ముక్క రుచి చూపించి, మిగతాది నీ గుమ్మం లోపల పెట్టావు. ఈ ఎత్తు నీదా, వాడిదా? వాడిదైతే ఇంకా బతికే ఉన్నాడన్నమాట.

ఈ కాగితం ఇవాళ్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపి, రేపటి బస్సుకు నేను వస్తున్నాను. స్టాండుకు ఎవరూ రావద్దు. దారి నాకు తెలుసు, ఆ దారికి టైము కట్టింది నేనే.

*

రేవు నగరం,
మేడ మీది గది.

బావా,

తిరిగొచ్చి వారమైంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఆగడం లేదు. నువ్వు వరండాలో కూర్చుండిపోయావు కాబట్టి లోపల మా ఇద్దరి మధ్య ఏం జరిగిందో నీకు తెలియదు. వాణ్ణి కాటికి సాగనంపిన రోజున నీతో చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఇప్పుడు రాస్తున్నాను.

నేను గదిలోకి వెళ్ళేసరికి వాడు గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడు బావా. ఒకప్పుడు స్టీరింగు మీద వాలితే దాన్ని కప్పేసేంత మనిషి. నేను కుర్చీ దగ్గరకు జరుపుకుని, పనిచేసే చెవి వాడివైపు పెట్టాను. ఏడుస్తాడేమో, కాళ్ళు పట్టుకుంటాడేమో అనుకున్నాను. వాడు అడిగింది ఒకటే.

"ఎన్ని గంటలు పట్టిందన్నయ్యా?"

"ఏడు."

"డ్రైవర్లెంతమంది?"

"ఇద్దరు. ఒకడు వెనక పడుకున్నాడు."

"బాగా పడుకున్నాడా?"

"గురక పెట్టాడు. నాకే వినపడిందంటే చూసుకో."

వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. అమ్మాయి కింద నుంచి పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా, నవ్వించకండి" అని నన్ను గదిమి, నీళ్ళు పట్టి, మళ్ళీ కిందికి పోయింది. అచ్చం అక్క గదమాయింపే.

అది దిగేదాకా ఆగి వాడు చెప్పాడు. విచారణ రోజుకు ముందటి సాయంత్రం నువ్వు సంచి సర్దుకుని, చెప్పులేసుకున్నావట. అక్క బిడ్డకు పాలిస్తూ అడిగిందట: "కంపెనీకి బట్టీ సంగతి ఎలా తెలిసిందని కోర్టులో అడిగితే ఏం చెబుతావు?" నువ్వు, "అడిగితే చెప్పాలి" అన్నావట. "పోయినవాళ్ళలో ఇద్దరు పసివాళ్ళున్నారు. ఆ తల్లి కోర్టుకు వస్తుంది. నా పేరు, నా బిడ్డ పేరు ఆవిడ వినాలా? పోకు" అందట. నువ్వు చెప్పులు విప్పేశావట. జైలుకు మొదటిసారి చూడ్డానికొచ్చినప్పుడు అక్కే వాడికి ఊచల అవతల నుంచి చెప్పిందట. వాడు, "నాకు చెప్పావు చాలు. అన్నయ్యకు తెలియనివ్వకండి" అని మీ ఇద్దరి చేతా ఒట్టేయించుకున్నాడట.

"అంత ఉదారం ఎందుకురా?" అన్నాను. నా గొంతు లేచినట్టుంది. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉదారం కాదు. నిద్రపోయింది నేనే కదా. టైము ఎవరు కోస్తేనేం, రెప్ప మూసింది నేను. అక్క పేరు చెప్పినా ఆ తొమ్మిది మందీ రారు."

"జైలు తప్పేది."

"సగం తప్పేదేమో. నీకెప్పుడూ ఎవరో ఒకరు తిట్టడానికి కావాలన్నయ్యా. ఇన్నాళ్ళూ బావ దొరికాడు. ఆయన్ని ఇక వదిలెయ్."

వదిలేశాను బావా. నువ్వు పిరికివాడివే, అది నేను వెనక్కి తీసుకోను. కానీ పిరికివాడు అన్న మాటను నీ ఇంటి గౌరవం కోసం ఇంతకాలం మోశావు. అది పిరికివాళ్ళు చేసే పని కాదు. నీ మీద నాకున్న కేసు కొట్టేశాను. అమ్మాయికి నేనేమీ చెప్పలేదు, చెప్పను. నన్ను బస్సెక్కిస్తూ, "మామయ్యా, ఇన్నేళ్ళు ఎందుకు రాలేదు?" అని అడిగింది. "దూరం కదమ్మా" అన్నాను. నమ్మినట్టు లేదు.

ఇంక ఒక్క మాట. ఎవరినీ తప్పుపట్టకుండా పోయే గుణం తమ్ముడికి వచ్చింది, నాకు రాలేదు. నొప్పులు పడడం ఎవరి తప్పూ కాదు. సంతోషంలో నోరుజారడం తప్పంటే లోకంలో సంతోషపడేవాళ్ళే మిగలరు. నీ చేత చెప్పులు విప్పించడం కూడా, ఒడిలో బిడ్డ ఉన్న మనిషి భయం అనుకుని మన్నించేవాణ్ణి.

కానీ ఏటా ఆవిడ నన్ను చూడ్డానికి ఈ గదికి వచ్చేది. పాతికేళ్ళు వచ్చింది. ఈ మంచం మీదే కూర్చుని, నా ఆరేసిన బట్టలు తీసి మడతపెడుతూ ఉండేది. నేను నిన్ను తిట్టేవాణ్ణి, నోటికొచ్చినట్టు. "నీ ఇంటికి రాను, వాడు నీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాడి మొహం చూడను" అనేవాణ్ణి. ఆవిడ చొక్కా మడత చేత్తో సాపు చేస్తూ, "ఏం చేస్తాంరా, ఆయన పిరికివాడు" అనేది. నిట్టూర్చేది కూడా. నేను జాలిపడేవాణ్ణి, ఇలాంటి మొగుణ్ణి కట్టుకుందే అని.

ఒక్కసారి, ఆ పాతికసార్లలో ఒక్కసారి, "అది నేను చేశానురా" అంటే సరిపోయేది. ఒక పూట అరిచేవాణ్ణి. మర్నాడు బస్సెక్కి, నడవగలిగిన తమ్ముణ్ణి చూసేవాణ్ణి. వాడితో టీ తాగేవాణ్ణి. నాకు దక్కింది నాలుగు రోజులు, అందులో రెండు వాడు మాట్లాడలేదు.

యజమానిని ఎప్పుడో మరిచిపోయాను. నిన్ను వదిలేశాను. తమ్ముడి మీద నాకు కోపమే లేదు. పొడుగోడు ఈ ముక్క చదవడానికి మొహమాటపడితే కాగితం నీ చేతికిమ్మను, నువ్వే కంటికి దగ్గరగా పెట్టుకుని చదువుకో. నేను ఇప్పటికీ తప్పుపట్టేది మా అక్కనే.